మంగతాయారు గారి సాదా వచనం

సన్మాన సభలో చిన్న పొరపాటు జరిగింది. మంత్రిగారు ఒక కథకుడికి శాలువా కప్పి, ఆయన రాసిన కథని నోరారా పొగిడారు. ఆ కథ ఆయన రాసింది కాదు. రాసినాయన పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. మర్యాదస్తుడు కాబట్టి చప్పట్లు కొట్టాడు. శాలువా కప్పించుకున్నాయనా మర్యాదస్తుడే కాబట్టి "అంతా మీ అభిమానం" అని నమస్కారం పెట్టాడు. మర్నాడు ఈ సంగతి పేపర్లో వచ్చాక మంత్రిగారికి ఒళ్ళు మండింది.

"మీరంతా ఒకేలా రాసి పారేస్తుంటే మేము ఎవర్ని ఏమని పొగడాలయ్యా?" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా ప్రభుత్వం కాల్పనిక రచనా శైలి మండలిని స్థాపించింది. ఇకమీదట కథలు రాసే ప్రతివారికీ సొంత శైలి ఉండి తీరాలి. దాన్ని మండలి పరీక్షించి, నమోదు చేసి, ధ్రువపత్రం ఇస్తుంది. ఒకరి శైలిలో ఇంకొకరు రాయకూడదు. ధ్రువపత్రం లేనివాళ్ళ కథని ఏ పత్రికా అచ్చు వేయకూడదు.

రచయితలు ఈ నిర్ణయాన్ని హర్షించారు. తన శైలిని మిగతావాళ్ళంతా కాపీ కొడుతున్నారని ప్రతి రచయితకీ ఎప్పట్నించో అనుమానం. ఇన్నాళ్ళకి ప్రభుత్వం కళ్ళు తెరిచిందని సభలు పెట్టుకుని ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు.

నిడదవోలులో పాలపర్తి మంగతాయారు మాత్రం ఏ సభకీ వెళ్ళలేదు. ఆవిడకి తీరిక లేదు. కరెంటాఫీసులో ఫిర్యాదుల కౌంటర్లో ఉద్యోగం. మీటరు తిరుగుతోందనీ, తిరగడం లేదనీ, పక్కవాళ్ళది తమకంటే తక్కువ తిరుగుతోందనీ జనం వచ్చి చెప్పుకుంటారు. ఆవిడ వింటుంది. అలా వినీ వినీ, ఎప్పుడో ఒకరోజు ఇంటికెళ్ళి ఒక కథ రాస్తుంది. రాసింది మొదట అత్తగారు వీరరాఘవమ్మకి చదివి వినిపిస్తుంది. ఆవిడ వింటూ వింటూ చిక్కుడుకాయలు ఒలవడం ఆపేస్తే కథ బాగున్నట్టు. ఒలుస్తూనే ఉంటే మళ్ళీ రాయాలి. ఈ పద్ధతిలో మంగతాయారు మంచి కథలే రాసింది. వారపత్రికలు అడిగి మరీ వేసుకునేవి.

ఇప్పుడు అవే పత్రికలు "ధ్రువపత్రం పంపండి మేడమ్" అంటూ కథలు తిప్పి పంపడం మొదలెట్టాయి. సెలవు పెట్టి జిల్లా శైలి కార్యాలయానికి వెళ్ళక తప్పలేదు.

అక్కడి డైరెక్టరు గంటి సోమయాజులు గారు. మనిషి బక్కపల్చగా ఉంటాడు కానీ, మాట మాత్రం బరువు. కుర్చీ చూపించి, "ఆసీనులు కావలసినదిగా కోరుచున్నాను" అన్నాడు. మంగతాయారు కూర్చుని తన కథ ఒకటి ఆయన ముందు పెట్టింది.

అది ఒక లైన్‌మాన్ భార్య కథ. గాలివానలో కరెంటు పోతుంది. తొందరగా రావాలని ఊరంతా దండాలు పెట్టుకుంటుంది. ఆ ఇల్లాలు ఒక్కతే, వాకిట్లో నిలబడి, ఆయన తొందరపడకుండా నిదానంగా పనిచేసుకుని స్తంభం దిగితే చాలు, చీకటి ఎంతసేపున్నా ఫరవాలేదని మొక్కుకుంటుంది. అంతే కథ.

సోమయాజులు గారు చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకున్నాడు. చివరి పేజీ పూర్తిచేసి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గొంతు సవరించుకుని, "విచారించుచున్నాను. ఇందులో శైలి లేదు" అన్నాడు.

"మీరు ఏడ్చారు కదండీ?"

"అది కథకు సంబంధించిన అంశము. శైలికి సంబంధించినది కాదు. చదువుచున్నంతసేపూ నాకు ఆ ఇల్లాలు కనిపించినది, వాన కనిపించినది, స్తంభము కనిపించినది. తమరు ఎక్కడా కనిపించలేదు. రచయిత్రి కనిపించని చోట శైలి ఉన్నట్లు భావించుటకు నిబంధనలు అంగీకరించవు."

"నేను కనపడకుండా ఉండాలనేనండీ నా తాపత్రయమంతా."

"అటులైన తమ తాపత్రయము నిబంధనలకు విరుద్ధముగా ఉన్నది" అని, ఆవిడని శైలి రహిత వర్గంలో చేర్చి, శైలీ వికాస శిబిరానికి పంపించాడు.

శిబిరాన్ని ఒక కళ్యాణ మండపంలో పెట్టారు. గోడల మీద వధూవరుల పేర్లు ఇంకా తీయలేదు. శిక్షకుడు డాక్టర్ నవనీత్ కౌండిన్య. పిలకలాంటి జుట్టు, మోకాళ్ళ దాకా లాల్చీ. ఆయన మొదటి మాటే మనసుకి తగిలేలా చెప్పాడు.

"మిత్రులారా, శైలి బయట దొరకదు. మీ లోపలికి మీరు చూసుకోండి. అక్కడ ఉన్నదాన్ని నిర్భయంగా బయటికి తీయండి. తీశాక దాన్ని పక్కన పెట్టి, నేను చెప్పినట్టు రాయండి."

అందరూ రాసుకున్నారు. తర్వాత శైలుల కేటాయింపు మొదలైంది. మంగతాయారు వెళ్ళేసరికే చాలామటుకు అయిపోయాయి. పొట్టి వాక్యాలు ఒకాయన తీసుకున్నాడు. పొడుగు వాక్యాలు తీసుకున్న ఇంకొకాయన మొదలుపెట్టిన వాక్యం ఇంకా నడుస్తోంది. వర్షం ఖాళీ లేదు. వెన్నెలకి పేరు రాయించుకుని ఎదురుచూడాలి. మౌనం నాదంటే నాదని ముగ్గురు రచయితలు గొంతులు చించుకుని అరుచుకుని కోర్టుకెక్కారు. యాసలు మండలాలవారీగా పంచేశారు. ఒకాయనకి ఊరు గోదావరికి ఇవతల, యాస అవతలిది వచ్చింది. పాపం రోజూ పడవ దాటి వెళ్ళి నేర్చుకొస్తున్నాడు.

"మీకు కీటకాలు మిగిలాయి మేడమ్" అన్నాడు కౌండిన్య.

"కీటకాలా?"

"ఔను. ఇకనుంచి మీ కథల్లో ఏ పోలిక చెప్పినా పురుగుతోనే చెప్పాలి. ఇంతవరకూ తెలుగులో ఎవరూ ముట్టుకోలేదు. పూర్తిగా మీ సొంతం. మీరు అదృష్టవంతులు."

"ఎవరూ ఎందుకు ముట్టుకోలేదంటారు?"

"ధైర్యం లేక" అన్నాడాయన.

ఆ రోజుల్లో మంగతాయారు మనసులో ఒక కథ తిరుగుతోంది. కౌంటరు దగ్గరికి ఒక పెద్దాయన వచ్చేవాడు. తట్టవర్తి వెంకటరత్నం అని, రిటైరైన డ్రిల్లు మాస్టారు. కరెంటు కనెక్షన్ భార్య పేరు మీద ఉంది. ఆవిడ పోయింది. నియమం ప్రకారం పేరు మార్చాలి. మార్చొద్దని అడగడానికి ఆయన వస్తాడు. "ఇంటికి ఆవిడ పేరు మీద వచ్చేది ఇంక ఆ బిల్లొక్కటేనమ్మా. ఉండనియ్యండి" అంటాడు. రూల్సు ఒప్పుకోవని చెప్పడానికి మంగతాయారుకి నోరు రాదు. ఫైలు కిందకి తోసేస్తుంది. ఆయన మళ్ళీ వస్తాడు. ఒకసారి తనంతట తనే అడిగాడు: "మీరు కథలు రాస్తారటగా. మా ఆవిడ గురించి ఒకటి రాయకూడదా? మంచి మనిషి. చదువుకునేది కూడాను."

సరే రాస్తానని మాటిచ్చింది. అంతలో ఈ పురుగులు వచ్చిపడ్డాయి.

నియమం నియమమే కదా అని కూర్చుని, కేటాయించిన శైలిలోనే ఆ కథ రాసింది. రాసి అత్తగారి ముందు చదివింది. "ఆ వృద్ధుడు గొంగళిపురుగులా కౌంటరు వైపు పాకుతూ వచ్చాడు. భార్య జ్ఞాపకాలు అతని మెదడులో చెదపురుగుల్లా తిరుగుతున్నాయి. అతని కన్నీళ్ళు, దీపం చుట్టూ చేరిన ఉసుళ్ళలా…"

వీరరాఘవమ్మ చిక్కుళ్ళు ఒలవడం ఆపేసింది. మంగతాయారు ముఖం విప్పారింది. కానీ ఆవిడ ఆపింది అందుకు కాదు.

"ఏమే తాయారూ, ఆ ముసలాయన నీకేం చేశాడే?"

"ఏం చెయ్యలేదత్తయ్యా."

"మరి పెళ్ళాం పోయి ఏడుస్తున్నవాణ్ణి పట్టుకుని పురుగంటావేంటి? నీ ఒంట్లో బాగానే ఉందా?"

మంగతాయారుకి ఏడుపొచ్చింది. ఆ కాగితాలు చింపి పొయ్యిలో పడేసింది. మాస్టారికి ఈ ముఖం ఎలా చూపించాలి? ధ్రువపత్రం రాకపోతే పోనీ, అచ్చు కాకపోతే మానె, ఆయన ఒక్కడూ చదువుకుంటే చాలనుకుని, కథ మళ్ళీ మొదట్నించీ తనకి వచ్చినట్టు రాసింది. ఈసారి చిక్కుళ్ళు ఒలవకుండా గిన్నెలో ఉండిపోయాయి. ఆ రోజు ఇంట్లో కూర లేదు.

శిబిరం చివర్లో పరీక్ష పెట్టారు. రచయితల పేర్లు తీసేసి కథలన్నీ నిపుణుల సంఘం ముందుంచుతారు. ఏ కథ ఎవరిదో శైలిని బట్టి వాళ్ళు గుర్తుపట్టాలి. మంగతాయారు దగ్గర వేరే కథ లేదు. ఉన్నదే ఇచ్చేసి, ఎలాగూ తప్పుతానని వెనక బెంచీలో కూర్చుంది.

నిపుణులు చదివారు. తలలు పట్టుకున్నారు. మళ్ళీ చదివారు. అందరూ లోపలికి చూసుకుని, చూసింది పక్కన పెట్టి, కౌండిన్య చెప్పినట్టు రాశారేమో, ఏ కథ ఎవరిదో ఆ భగవంతుడికే తెలియాలి. వర్షం తీసుకున్నాయన వర్షమూ, మౌనం కోసం కోర్టుకెక్కినవాళ్ళ మౌనమూ ఒకేలా కురిశాయి. ఒక రచయిత తన కథని తనే గుర్తుపట్టలేక, పక్కాయనదనుకుని దాన్ని మెచ్చుకున్నాడు.

చివరికి సంఘం అధ్యక్షుడు ఒక్క కథని పైకెత్తి, "ఇది మాత్రం నిడదవోలు కరెంటాఫీసావిడదండీ" అన్నాడు. మిగతా నిపుణులంతా ఔనౌనన్నారు.

సోమయాజులు గారు ఆశ్చర్యపోయాడు. "తమరు ఎటుల నిర్ధారించినారు?"

"అందులో శైలి లేదుగా! అందుకే ఇట్టే తెలిసిపోయింది."

పెద్ద చిక్కొచ్చి పడింది. శైలి ఉన్నవాళ్ళెవరినీ గుర్తుపట్టలేకపోయారు. గుర్తుపట్టిన ఒక్కావిడకీ శైలి లేదు. మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. కౌండిన్య ఆవిడని పంపించెయ్యాలన్నాడు. అధ్యక్షుడు, గుర్తుపట్టాం కాబట్టి నిబంధన ప్రకారం పాసేనన్నాడు. ఆఖరికి సోమయాజులు గారే దారి కనిపెట్టి ఉత్తర్వు రాయించాడు.

"శైలి యొక్క సంపూర్ణ అభావము కూడా ఒక విశిష్ట లక్షణమే అయి ఉన్నందున, సదరు అభావమును శ్రీమతి పాలపర్తి మంగతాయారు గారి స్వీయ శైలిగా గుర్తించి నమోదు చేయడమైనది. సదరు సాదా వచనమును కథలయందు గానీ, కథేతరములయందు గానీ, శ్రీమతి వారి అనుమతి లేనిదే ఇతరులెవ్వరూ వినియోగించరాదు."

మంగతాయారు సంతోషించింది. కథ అచ్చయింది. వెంకటరత్నం మాస్టారు ఆ పత్రిక పట్టుకుని కౌంటరు దగ్గరికొచ్చి, దాన్ని ఆవిడకి చూపించి, ఫిర్యాదేమీ చెయ్యకుండా వెళ్ళిపోయాడు. ఆవిడకి అంతకంటే ధ్రువపత్రం అక్కర్లేదు. ఉత్తర్వులో ఆ చివరి వాక్యం ఆవిడా పట్టించుకోలేదు, ఇంకెవరూ పట్టించుకోలేదు.

మండలి పట్టించుకుంది. తనిఖీలు మొదలయ్యాయి.

ముందు పేపర్లు దెబ్బతిన్నాయి. "నిన్న వాన పడింది" అని వేసినందుకు ఒక పత్రికకి నోటీసు వెళ్ళింది. మర్నాటినుంచి వాతావరణ వార్తలు "ఆకాశవధువు కురులారబోసుకున్న వేళ" అని రాసాగాయి. చదివిన రైతులు వడ్లు ఎండబెట్టాలో కుప్ప వెయ్యాలో తేల్చుకోలేకపోయారు. మునిసిపాలిటీవాళ్ళు "రేపు నీళ్ళు రావు" అని రాయడానికి భయపడి, "రేపటి ఉషస్సులో జలదేవత అలిగి, తన గజ్జెల సవ్వడి మనకు వినిపించదు" అని బోర్డు పెట్టారు. ఊరివాళ్ళు అదేదో నాట్య ప్రదర్శన అనుకుని పొద్దున్నే తయారై మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళారు. స్నానాలు చెయ్యకుండానే వెళ్ళారని తర్వాత తెలిసింది. మందుల చీటీలు మాత్రం ఎప్పటిలానే ఉన్నాయి. వాటిని ఎవరూ చదవలేరు కాబట్టి సాదా వచనమని రుజువు చెయ్యడం మండలి వల్ల కాలేదు.

జనం మంగతాయారు కౌంటరు ముందు బారులు తీరారు. కరెంటు ఫిర్యాదులు వెనకబడ్డాయి.

"అమ్మా, మా హోటలు మీద 'ఇడ్లీ, వడ' అని రాసుకోవచ్చా?"

"రాసుకో బాబూ."

"మేడమ్, మా అమ్మాయి పెళ్ళి శుభలేఖలో పెళ్ళెక్కడో అర్థమయ్యేలా వేయించుకుంటాం."

"వేయించుకోండి. దానికి నన్ను అడగడమేమిటండీ!"

వచ్చినవాళ్ళందరికీ సరేనంటూ పోయింది. దాంతో మండలి నుంచి హెచ్చరిక వచ్చింది. స్వీయ శైలిని ఇష్టం వచ్చినట్టు పంచిపెట్టడం వలన అది స్వీయముగా ఉండజాలదనీ, ఇలాగే సాగితే ఆవిడ శైలి రద్దయి మళ్ళీ కీటకాలు తీసుకోవలసి వస్తుందనీ దాని సారాంశం. మంగతాయారు అది చదివి, ఇంక కథలు మానేసి మీటర్లు చూసుకోవడమే సుఖమని అత్తగారితో అంది. ఆ మాట నిజంగానే అంది. కలం తీసి బీరువాలో పెట్టేసింది కూడా.

ఆ ఆదివారం మధ్యాహ్నం సోమయాజులు గారు స్వయంగా ఇంటికి వచ్చాడు. శైలి రద్దు చెయ్యడానికే వచ్చాడనుకుని మంగతాయారు కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"వ్యక్తిగత స్వభావము గల ఒక లేఖను సాదా వచనములో రచించుకొనుటకు తమ అనుమతి కోరుచున్నాను."

"మీరే డైరెక్టరు కదండీ!"

"నిబంధన అందరికీ వర్తించును."

వీరరాఘవమ్మ కూర్చోబెట్టి మజ్జిగ చేతికిచ్చాక విషయం మెల్లగా బయటపడింది. ఆయన భార్య కామాక్షి అలిగి సామర్లకోటలో అన్నగారింటికి వెళ్ళిపోయింది. గొడవేమీ జరగలేదు. కొత్త చీర కట్టుకుని ఎలా ఉందని అడిగితే, ఈయన "పరిశీలించి తెలియజేయగలవాడను" అన్నాడు. అంతే. అలాంటివి కాపరం పొడుగునా పోగుపడ్డాయట.

"ఉత్తరం రాయలేదా?" అని అడిగింది మంగతాయారు.

"రాసితిని. 'తమ గైర్హాజరు గృహ నిర్వహణకు ప్రతిబంధకముగా పరిణమించినందున, తక్షణమే హాజరు కావలసినదిగా' అని."

"ఆవిడ జవాబిచ్చారా?"

"ఇచ్చినది. 'అందినది. పరిశీలనలో ఉన్నది' అని."

వీరరాఘవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంగతాయారు నవ్వు ఆపుకుని, బీరువాలోంచి కలం తీసి ఆయన ముందు పెట్టింది. "అనుమతి ఇచ్చానండి. రాయండి."

ఆయన కాగితం ముందు పెట్టుకుని "పై విషయమును పురస్కరించుకొని" అని రాసి కొట్టేశాడు. "ఇందుమూలముగా" అని రాసి కొట్టేశాడు. నుదుట చెమట పట్టింది. "రావడం లేదండీ" అన్నాడు. ఆ మాట మామూలుగా అన్నానని ఆయనకే తెలియలేదు.

"ఆవిడ లేక మీకు ఏం ఇబ్బందిగా ఉందో అది రాయండి."

"గృహ నిర్వహణలో…"

"అది కాదు నాయనా" అంది వీరరాఘవమ్మ. "అన్నం ఎవరు వండుతున్నారు?"

"నేనేనండి." ఆయన మజ్జిగ గ్లాసు పక్కకి జరిపాడు. "రోజూ ఎక్కువైపోతోందండి. గిన్నెలో బియ్యం పోస్తుంటే ఇద్దరికీ పోసేస్తున్నాను. ఒక్కడికి ఎలా పొయ్యాలో నా చేతికి తెలీడం లేదు."

మంగతాయారు కాగితం ఆయన వైపు జరిపి, "అదేనండీ. అలాగే రాసెయ్యండి" అంది.

ఆయన రాశాడు. ఒక్కటీ కొట్టెయ్యలేదు. రాసింది ఆవిడ చేతికిచ్చి, పరీక్ష రాసిన పిల్లాడిలా నిలబడ్డాడు. "తమ శైలికి లోబడే ఉన్నదాండీ?"

మంగతాయారు చదివింది. మళ్ళీ చదివింది.

"లేదండి. ఇలా నేను రాయలేను. నేనైతే ఆ బియ్యం దాకా వెళ్ళేదాన్ని కాదు. ఇది నాది కాదు, మీదే."

సోమయాజులు గారి ముఖం పాలిపోయింది. "నాకు శైలి ఉన్నదా? నమోదు కాని శైలి! డైరెక్టరు హోదాలో ఉండి!"

"ఎవరికీ చెప్పంలెండి" అంది వీరరాఘవమ్మ.

ఆయన ఉత్తరం జేబులో పెట్టుకుని, దొంగలా అటూ ఇటూ చూసుకుని వెళ్ళిపోయాడు.

కామాక్షి వచ్చింది. గుమ్మంలో బ్యాగు కింద పెట్టకుండానే, "ఆ ఉత్తరం మీకు ఎవరు రాసిచ్చారు?" అని నిలదీసిందట. నేనే రాశానంటే నమ్మలేదు. కాగితం చేతికిచ్చి ఇంకొకటి తన ఎదురుగా రాయమంది. రాశాడు. అందులో ఏం రాశాడో వాళ్ళిద్దరికే తెలుసు. ఆవిడ బ్యాగు మాత్రం లోపల పెట్టింది.

ఆవిడ వచ్చిన తర్వాతి సోమవారం ఆయన ఆఫీసుకి వెళ్ళేసరికి సాదా వచనం కోసం వచ్చిన అర్జీలు బల్ల నిండా ఉన్నాయి. హోటళ్ళు, పత్రికలు, పెళ్ళివారు, సంఘాలు. ఇంతకుముందు ఒక్కొక్క అర్జీకీ పేజీలకొద్దీ ఉత్తర్వు రాసే సోమయాజులు గారు అన్నింటిమీదా ఒకే ముక్క రాసి సంతకం పెట్టాడు. "అనుమతి అక్కర్లేదు."

రాజధానిలో గగ్గోలు పుట్టింది. ఇంత చిన్న ఉత్తర్వు మండలి చరిత్రలో లేదు. భాషా లేదు, గాంభీర్యమూ లేదు. చదివినవాడికి ఒకేసారి అర్థమైపోతోంది. ఎవరో ఫోర్జరీ చేశారని అనుమానించి, పైనుంచి ఫోన్ చేశారు.

"సదరు ఉత్తర్వును రూపొందించిన వ్యక్తి ఎవరో తక్షణమే తెలియజేయవలెను."

సోమయాజులు గారు కారియర్ మూత తీస్తూ, ఫోన్ భుజానికి నొక్కిపెట్టి, "నేనేనండి. ఉంటాను, అన్నం చల్లారిపోతోంది" అన్నాడు.